నలభై దాటిన రైతు, ఇండెక్స్ ఫండ్: ముందు అప్పు లెక్క చూద్దాం

(మండల స్థాయి సభ్యుల సమావేశంలో సంఘం జిల్లా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎజెండాలో మిర్చి ధర ఉంది, యూరియా ఉంది, పాస్ పుస్తకాల సవరణలు ఉన్నాయి. వాటి మధ్యలో ‘ఇండెక్స్ ఫండ్లు’ అన్న మాట చూసి కొందరు నవ్వుకున్నారు. రైతు సంఘానికి షేర్ మార్కెట్‌తో పనేమిటని ఒక పెద్దాయన గేటు దగ్గరే నిలదీశారు. అడగవలసిన మాటే అడిగారు. జిల్లా కమిటీలో మేము కూడా రెండు సమావేశాలు దీని మీద వాదించుకున్నాకే ఇక్కడికి వచ్చాం.

సభ్యత్వం కోసం ఊళ్లు తిరిగినప్పుడు ఈ ప్రశ్న మాకు పదే పదే ఎదురైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకో కూతురో ఫోన్ చేసి, “నాన్నా, నెలకు ఐదు వేలు సిప్ కట్టు, ముసలితనానికి పనికొస్తుంది” అంటున్నారు. అది మంచిదో చెడ్డదో తెలియక మనవాళ్లు మమ్మల్ని అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది నలభై అయిదు, యాభై ఏళ్లవాళ్లు. మేము నోరు మూసుకుంటే దీని గురించి వాళ్లతో మాట్లాడేది అమ్ముకునేవాళ్లే.

ఆ వయసు గురించి ముందు చెప్పుకోవాలి. 2019 సెప్టెంబరులో కేంద్రం కిసాన్ మాన్‌ధన్ అని రైతులకు పెన్షన్ పథకం తెచ్చింది. అరవై దాటాక నెలకు 3,000 రూపాయలు. చేరాలంటే వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. అటల్ పెన్షన్ యోజనకూ అదే గీత, 40. అంటే 41 ఏళ్ల రైతుకు రెండు తలుపులూ మూసే ఉన్నాయి. రాష్ట్రం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్ చూద్దామా? మనకు అందుతున్నది 2,016. నాలుగు వేలు చేస్తామన్నారు, ఆ మాట వింటూనే ఉన్నాం. పక్క రాష్ట్రంలో 2024 జులై నుంచి నాలుగు వేలు ఇస్తున్నారు. పైగా ఇక్కడ మూడెకరాల తరికి మించి, లేదా ఏడున్నర ఎకరాల మెట్టకు మించి ఉంటే ఆ 2,016 కూడా రాదు. బోరు కింద నాలుగెకరాలున్న మనిషి ప్రభుత్వం లెక్కలో ఉన్నవాడు. రైతు బీమా అయిదు లక్షలు కూడా 59 ఏళ్ల వరకే. అరవయ్యో ఏడు వచ్చేసరికి మన పేరు ఆ జాబితాలోంచి పోతుంది. నడుం వంగని కాలంలో బీమా ఉంది, వంగాక లేదు.

ఇది మేము అడుగుతున్న పెన్షన్‌కు బదులుగా చెప్పే మాట కాదని మొదటే రాసుకోండి. ప్రభుత్వ ఉద్యోగులు పాత పెన్షన్ కావాలని ఎందుకు కొట్లాడుతున్నారు? కొత్తదాంట్లో డబ్బు మార్కెట్‌లోకి వెళ్తుంది, చివరికి ఎంత వస్తుందో ఎవరూ రాసివ్వరు కనక. వాళ్ల పోరాటానికి మద్దతు తెలిపిన సంఘం మనది. అలాంటిది మనమే వచ్చి ‘ఫండ్‌లో వేసుకోండి, పెన్షన్ సంగతి మరచిపోండి’ అంటే అది ద్రోహం. కానీ పెన్షన్ సాధించే లోపల యాభై ఏళ్ల మనిషికి అరవై వచ్చేస్తాయి. ఈ మధ్యకాలంలో చేతిలో మిగిలే నాలుగు రూపాయలు ఎక్కడ పెట్టాలన్నదే ఇవాళ్టి ముచ్చట.

ఇండెక్స్ ఫండ్ అంటే ఏమిటి? మిర్చి యార్డుకు వెళ్తాం. ఏ లాట్‌కు రేపు ధర పలుకుతుందో ముందే చెప్పగలిగినవాడు మనలో ఎవడూ లేడు. అందుకని ఒకే లాట్ కొనకుండా, యార్డులో ఉన్న యాభై పెద్ద కుప్పల నుంచి కొంచెం కొంచెం తీసుకున్నాం అనుకోండి. పెద్ద కుప్ప నుంచి ఎక్కువ, చిన్న కుప్ప నుంచి తక్కువ. నిఫ్టీ అంటే అట్లాంటి యాభై పెద్ద కంపెనీల జాబితా. సెన్సెక్స్ అయితే ముప్ఫై. ఆ జాబితాలో ఎవరెంత ఉంటే అంతే కొని పెట్టుకునేది ఇండెక్స్ ఫండ్. ఏది మంచిదని ఊహించే మేనేజరుకు ఇక్కడ పని లేదు కనక ఖర్చు తక్కువ. అమెరికాలో 1976లో జాన్ బోగల్ అనే ఆయన మామూలు జనం కోసం మొదటి ఇండెక్స్ ఫండ్ పెట్టినప్పుడు, కూర్చుని సగటు తెచ్చుకోవడం ఏమిటని పెద్ద పెద్దవాళ్లు ఎగతాళి చేశారు.

దీని వల్ల లాభం ఏమిటో మన తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ చెప్పింది. 2009 జనవరి 7న లెక్కలు దొంగవని చైర్మనే ఒప్పుకున్నాడు. ముందురోజు 179 దగ్గర ఉన్న షేరు ఆ రోజు 40కి పడిపోయింది. మనవాడి కంపెనీ అని ఉన్నదంతా అందులోనే పెట్టినవాళ్లు ఇళ్లల్లో ఏడ్చారు. సత్యం అప్పుడు నిఫ్టీలో కూడా ఉంది. కొద్ది రోజుల్లోనే దాన్ని తీసేసి వేరే కంపెనీని పెట్టారు. 2008 చివర 2,959 ఉన్న నిఫ్టీ, సత్యం మునిగిన ఆ ఏడాది చివరికి 5,201. యాభైలో ఒకటి కుళ్లినా బుట్ట మొత్తం పోదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘నిఫ్టీ’ అన్న మాట మన ఊళ్లల్లో కుర్రాళ్ల నోట ఇంకో అర్థంలో వినిపిస్తోంది. ఫోన్లో ఆప్షన్లు అని ఆడుతున్నారు. అది జూదం. 2024 సెప్టెంబరులో సెబీయే లెక్క తీసింది: మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు, పోయిన సొమ్ము లక్షా 80 వేల కోట్లు. వాట్సాప్ గ్రూపులో చేర్చి, రోజుకింత లాభం అని దొంగ యాప్‌లో వేయించుకునేవాళ్లు వేరే ఉన్నారు. అలాంటిదేదైనా జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. మేము చెప్పే ఇండెక్స్ ఫండ్‌కూ వీటికీ పేరులో తప్ప పోలిక లేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. మన సభ్యుడు ఒకాయన ఉన్నారు. పేరు చెప్పం గానీ ఈ హాల్లోనే కూర్చున్నారు, తన లెక్క చెప్పమని ఆయనే అన్నారు. వయసు 48, అయిదెకరాలు, రెండు గేదెలు. కూతురు చెప్పిందని కిందటేడు నెలకు 5,000 సిప్ మొదలుపెట్టారు. అదే సమయంలో ఊళ్లో మూడు లక్షల నోటు ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు ఆరు వేలు, ఏడాదికి 72,000 వడ్డీ కడుతున్నారు. ఫండ్‌లో ఏడాదంతా వేసింది 60,000. మార్కెట్ బాగుండి నూటికి 12 చొప్పున పెరిగిందనుకున్నా, ఏడాది చివరికి దాని విలువ 64,000. లాభం నాలుగు వేలు! ఆ 60,000 తీసుకెళ్లి నోటులో అసలు కింద జమ వేయించి ఉంటే ఏటా 14,400 వడ్డీ తప్పేది. తప్పడం కూడా ఖాయంగా తప్పేది, మార్కెట్ పైకి పోయినా కిందికి పోయినా.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36. నిఫ్టీ 1999 చివర 1,480 ఉంది, 2024 చివర 23,645. పాతికేళ్లలో పదహారు రెట్లు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఏడాదికి లెక్క కడితే నూటికి పన్నెండుకు కాస్త తక్కువ, డివిడెండ్లు కలిపితే పదమూడు. పాతికేళ్ల మంచి రోజులూ చెడ్డ రోజులూ కలిపి 13 ఇచ్చినది, నోటు మీద కట్టే 24తో ఎట్లా పోటీ పడుతుంది? ఊరి అప్పు ఉన్న మనిషికి ఆ అప్పు తీర్చడాన్ని మించిన ఫండ్ లేదు. కూతురు తప్పు చెప్పలేదు. జీతం వచ్చే మనిషికి చెప్పే మాట నోటు రాసిచ్చిన మనిషికి చెప్పింది, అంతే.

అప్పులన్నీ ఒకటి కాదు మళ్లీ. బ్యాంకులో పంట రుణం మూడు లక్షల దాకా గడువులో కడితే నూటికి నాలుగే పడుతుంది. దాన్ని పరుగెత్తి తీర్చక్కర్లేదు, గడువు తప్పకుండా తిరగరాయించుకుంటే చాలు. బంగారం మీద తెచ్చింది ఉంటే నోటు తర్వాత దాన్ని విడిపించాలి. ఇవి కాక, వచ్చే పంటకు విత్తనం, మందు కట్టలు, కూలీలు. మిర్చి అయితే ఎకరాకు లక్షన్నర, రెండు లక్షలు లాగుతుంది. మనం ‘పెట్టుబడి’ అనే మాట వాడేదే దానికి. ఆ డబ్బు బ్యాంకులోనే ఉండాలి. దాన్ని ఫండ్‌లో పెట్టి, జూన్‌లో మార్కెట్ పడి ఉంటే నష్టానికి అమ్మి విత్తనాలు కొనాలి, లేదా మళ్లీ నోటు రాయాలి. కౌలు రైతుల సంగతి మేము దాచిపెట్టి మాట్లాడం. కౌలు ముందే కట్టి, బ్యాంకు రుణం అందక, కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చి సాగు చేసే మనిషికి ఈ ప్రసంగంలో అక్కరకొచ్చేది చాలా తక్కువ. వాళ్లకు కావలసింది గుర్తింపు, రుణం. ఆ తీర్మానం మధ్యాహ్నం ఉంది.

సరే, నోటు తీరింది, పంట డబ్బు పక్కన ఉంది, ఇంకా కొంత మిగిలింది. పత్తి బాగా వచ్చిన ఏడో, గేదెల పాల మీదో. అప్పుడు ఏం చేయాలి?

నెలనెలా కట్టాలన్న నియమం మనది కాదు, జీతగాళ్లది. మనకు డబ్బు వచ్చేది పంటకు ఒకసారి. నెల సిప్ పెట్టి, ఆగస్టులో ఖాతా ఖాళీగా ఉంటే బ్యాంకు చార్జీ వేస్తుంది. పంట అమ్మినప్పుడే, రెండు మూడు విడతలుగా వేసుకోండి, ఎవరూ కాదనరు. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వచ్చే ఇళ్లలో మాత్రం చిన్న సిప్ కుదురుతుంది, వెయ్యో రెండు వేలో. మన సభ్యుడు ఇప్పుడు అదే చేశారు. అయిదు వేల సిప్ ఆపేశారు, ఫండ్‌లో ఉన్నది తీసి నోటులో జమ వేయించారు, పాల డబ్బులోంచి వెయ్యి మాత్రం వాళ్లావిడ పేరున కడుతున్నారు.

ఆవిడ పేరున కట్టడం మంచి పని. పట్టా మగాడి పేరున, ఖాతా మగాడి పేరున, ఆయన పోతే ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగడం మనం ఎన్ని ఇళ్లల్లో చూడలేదు? ఎవరి పేరున పెట్టినా నామినీ రాయించండి.

నలభై అయిదేళ్ల మనిషి ఏడాదికి 60,000 చొప్పున పదిహేనేళ్లు వేశాడనుకుందాం. వేసింది తొమ్మిది లక్షలు. నూటికి 12 వస్తే సుమారు పాతిక లక్షలు అవుతుంది. 8 మాత్రమే వస్తే పదిహేడున్నర. పాతిక లక్షలు అనగానే కళ్లు మెరుస్తాయి గానీ, ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే అప్పటి పాతిక లక్షలు ఇప్పటి పది లక్షల నలభై వేలతో సమానం. అది తక్కువేమీ కాదు, అరవై అయిదేళ్లకు గుండెకు స్టెంట్ వేయించుకోవాలంటే అరెకరం అమ్మే అవసరం రాదు. కోటీశ్వరులవుతారని చెప్పే వీడియోలు మాత్రం కట్టేయండి.

భూమి కొనడమే మేలు కదా అని అడుగుతారు. నిజమే, రోడ్డు పక్క ఎకరం కొన్నవాళ్లకు వచ్చినంత ఏ ఫండ్‌లోనూ రాలేదు. రోడ్డు పక్కన లేనివాళ్లే ఎక్కువమంది. పైగా ఆసుపత్రికి నలభై వేలు కావాలంటే రెండు గుంటలు అమ్మలేం, అమ్మినా అవసరంలో ఉన్నామని తెలిసి ధర కోస్తారు. ఫండ్‌లోంచి కావలసిన నలభై వేలే తీసుకోవచ్చు, రెండు మూడు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది.

నష్టం సంగతి చెప్పకుండా వెళ్లిపోతే అమ్ముకునేవాళ్లకూ మాకూ తేడా ఉండదు. 2008 జనవరిలో నిఫ్టీ 6,287. అదే ఏడాది అక్టోబరు చివర 2,524. లక్ష పెట్టిన మనిషికి నలభై వేలు కనిపించాయి. 2010 నవంబరులో ఒకసారి పాత గీత తాకి మళ్లీ జారింది, దాన్ని దాటి నిలబడేసరికి 2014 వచ్చింది. ఆరేళ్లు! 2020లో కరోనాకు రెండు నెలల్లో నూటికి 38 పడింది, అప్పుడు మాత్రం నవంబరుకే తేరుకుంది. ఈసారి పడితే ఎన్నాళ్లకు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు ఆరేళ్లు ఆగుతాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కూతురి పెళ్లి పెట్టుకుని, ఆగలేడు. అందుకే మధ్యవయసులో మొదలుపెట్టేవాళ్లకు మా కమిటీ మాట ఇది. మిగులులో సగానికి మించి ఇందులో పెట్టొద్దు. మిగతా సగం పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్‌లో వేయండి, ప్రస్తుతం 7.1 శాతం, ప్రభుత్వ హామీ ఉంది. పదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు, పెళ్లిదైనా చదువుదైనా, ఫండ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. 57 దాటినప్పటి నుంచి ఏడాదికింత తీసి డిపాజిట్లలోకి మార్చుకుంటూ రండి. అరవై నిండాక పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్ ఉంది, ప్రస్తుతం 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ చేతికిస్తారు. యాభై ఏడేళ్లకు మొదలుపెడదామని అడిగినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకు మేము వద్దనే చెప్పాం.

ఇక కొనే చోట. పంట రుణం తిరగరాయించుకోవడానికి ఒక బ్యాంకుకు వెళ్లిన మన రైతుతో, లోన్ తొందరగా అవుతుందని చెప్పి ఏడాదికి యాభై వేల పాలసీ మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకున్నారు. అది బీమా, మార్కెట్ కలిపిన పాలసీ. రెండో ఏడు కట్టలేక డబ్బు అడిగితే అయిదేళ్లు నిండేదాకా రాదన్నారు. ఆ ఏడు మందు కట్టలకు ఆయన రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. బీమా కావాలంటే బీమా విడిగా, దాచుకోవడం విడిగా. రుణానికి పాలసీ ముడిపెట్టే హక్కు ఏ బ్యాంకుకూ లేదు, ఎవరైనా అడిగితే సంతకం పెట్టకుండా మాకు ఫోన్ చేయండి.

ఫండ్‌లోనూ రెండు రకాలుంటాయి, డైరెక్ట్, రెగ్యులర్. రెగ్యులర్‌లో మధ్యవర్తికి కమీషన్ వెళ్తుంది. ఒక్కసారి కాదు, డబ్బు ఉన్నన్నాళ్లూ ఏటా. తేడా అర శాతమే కదా అనిపిస్తుంది. పాతిక లక్షల మీద అర శాతం ఏడాదికి 12,500. యార్డులో క్వింటాకు రెండు కిలోల తరుగు తీస్తే రోడ్డెక్కుతాం, ఇది కనపడని తరుగు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఉంటే డైరెక్ట్‌లో చేరవచ్చు, చదువుకున్న పిల్లలు చేసిపెడతారు. పన్ను సంగతి కూడా తెలుసుకోండి: వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గానీ ఈ లాభానికి ఉంది. ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి లక్షా పాతిక వేల లాభం వరకు లేదు, ఆపైన పన్నెండున్నర శాతం.

చివరగా కమిటీలో గొడవైన విషయం. 2020 చివర ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నప్పుడు అంబానీ, అదానీ సరుకులు బహిష్కరించమని పిలుపు వచ్చింది. మనమూ సిమ్ కార్డులు మార్చుకున్నాం. నిఫ్టీలో రిలయన్స్ ఉంది, అదానీ పోర్ట్స్ ఉంది, పొగాకు కొనే ఐటీసీ ఉంది, ట్రాక్టర్ అమ్మే మహీంద్రా ఉంది. వాళ్ల మీద కొట్లాడుతూ వాళ్ల వాటా కొనుక్కోవడమేమిటని మా కమిటీలో ఇద్దరు గట్టిగా అడిగారు. మిగతావాళ్లు చెప్పిందేమంటే, కార్మికుల పీఎఫ్ సొమ్ము 2015 నుంచే కొంత ఈ సూచీల్లోకి వెళ్తోంది, మన ఎల్ఐసీ ప్రీమియం ఎప్పటినుంచో వెళ్తోంది, మన ఇష్టంతో పని లేకుండా. రెండు వాదనలూ మిగిలే ఉన్నాయి. మేము ఓటు పెట్టలేదు. మనసొప్పనివాళ్లు పీపీఎఫ్‌తో ఆగిపోవచ్చు, పెట్టినవాళ్లను సంఘంలో ఎవరూ వేలెత్తి చూపకూడదు. అంతవరకే ఒప్పుకున్నాం.

వచ్చే నెల సమావేశానికి, ఇష్టమున్నవాళ్లు ఒక కాగితం మీద తమ అప్పులు రాసుకుని రండి. ఎవరి దగ్గర, ఎంత, నూటికి ఎంత వడ్డీ, ఎప్పటి నుంచి. పేరు రాయక్కర్లేదు. ఏ ఫండ్ కొనాలో మేము చెప్పం, చెప్పే లైసెన్సు మాకు లేదు. ఏ అప్పు ముందు తీర్చాలో మాత్రం కూర్చుని లెక్క కడదాం. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ అడగండి, ఆ తర్వాత మిర్చి ధర మీద తీర్మానం చదువుతారు.